పెంకుటింటి చూరుపలక చీకిపోతే పుట్టీ పెట్టి రంగు వేస్తే సరిపోతుందా?

మీ తాతగారి పెంకుటింట్లో వాసాల కొసలకు అడ్డంగా కొట్టిన చూరుపలక రెండు మూడు చోట్ల మెత్తబడిందని, వడ్రంగి మొత్తం మార్చాలంటున్నాడని రాశారు. పుట్టీ పెట్టి రంగు వేస్తే చాలదా అని అడిగారు. అమలాపురం దగ్గర మా ఇంటికి ఈ పని రెండుసార్లు చేయించాను. మొదటిసారి తప్పుగా చేయించడం వల్లే రెండోసారి అవసరమైంది.

అప్పుడు మేమూ పుట్టీయే పెట్టించాం. రంగు వేశాక పలక కొత్తదానిలా కనిపించింది. రెండు వానాకాలాలు గడిచేసరికి అదే చోట రంగు బుడగలు లేచింది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. విప్పి చూస్తే వీధివైపు దళసరి రంగు, వెనకవైపు ఒక్క పూత కూడా లేని వట్టి చెక్క. నీళ్లు పై అంచు నుంచి, వెనక నుంచి దిగుతుంటే ముందున్న రంగు ఆ తడిని ఆరనివ్వలేదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే దాన్ని కుళ్లబెట్టే బూజు పెరగదు. తడి ఆరకుండా నిలిచిపోతే ఏ పుట్టీ కాపాడదు.

అందుకే ముందుగా చివరి వరుస పెంకులు తీయించి, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడండి. మా ఇంట్లో ఆ వరుస వెనక్కి జరిగి, పెంకుల అంచు పలకతో సమానంగా ఉంది. వాన నీరు పెంకు అడుగునే పాకి పలక మీదికి చేరేది. ఇప్పుడు పెంకులు రెండు అంగుళాలు బయటికి ఉండేలా సర్దించాం.

తరువాత స్క్రూడ్రైవరు మొనతో పలక పొడవునా పొడిచి చూడండి. గట్టి చెక్క ఎదురు నిలుస్తుంది, చీకింది చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. మట్టి చారలు కనిపిస్తే చెదలు ఉన్నట్టే, ముందు వాటి సంగతి చూడాలి. వాసాల కొసలను మాత్రం దయచేసి వదలకండి. పలక పోతే ఇంటి అందం పోతుంది, కొసలు పోతే చూరే వంగుతుంది.

మొత్తం మార్చాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. మా ఇంట్లో 40 అడుగుల పలకలో తొమ్మిది అడుగులే మార్చాం. మిగిలినది పాత టేకు, అంతటి కర్రను పారేయడానికి నాకు మనసు ఒప్పలేదు. చీకిన చోటు దాటి మరో జానెడు వరకు, వాసం నడిమధ్యకు వచ్చేలా ఏటవాలుగా కోయించండి. అప్పుడు రెండు ముక్కలకూ మేకు పట్టు దొరుకుతుంది.

కొత్త ముక్క ఎత్తు పాతదానితో సరిగ్గా సమానంగా ఉండాలి. పై వరుసల్లో ప్రతి పెంకూ కింది పెంకు మీద ఆనుతుంది. చివరి వరుసకు అలా ఆసరా ఇచ్చేది ఈ పలకే. మా వడ్రంగి మొదట అర అంగుళం తక్కువ ఎత్తు పలక బిగించాడు. చివరి వరుస కిందికి వాలిపోయి, మళ్లీ విప్పాల్సి వచ్చింది.

బిగించే ముందే ఆరు వైపులా చెక్క ప్రైమరు వేయించండి, కోసిన కొసలకు రెండు పూతలు. నీళ్లను ఎక్కువగా పీల్చేవి ఆ కొసలే. చాలామంది రెడ్ ఆక్సైడ్ పూస్తారు, అది ఇనుముకు వేసేది. మేకులు జింకు పూత ఉన్నవే వాడండి.

పుట్టీ అసలు వద్దని కాదు. మేకు రంధ్రాలకు, బొటనవేలంత గుంటలకు, గట్టి చెక్క తగిలేదాకా గీకి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ పుట్టీ నింపితే నిలుస్తుంది. గోడలకు పెట్టే తెల్ల పుట్టీ మాత్రం చెక్కతో పాటు సాగదు, పగిలి నీళ్లకు దారి ఇస్తుంది.

పని సంక్రాంతి తరువాత, చెక్క బాగా ఎండినప్పుడు పెట్టుకోండి. చివరి వరుస తీశాక వాసాల కొసలు ఎలా ఉన్నాయో రాయండి. అవి కూడా మెత్తబడి ఉంటే పక్కన కొత్త కర్ర జత చేసి బోల్టులు బిగించాలి, మా ఇంట్లో ఒక వాసానికి ఎలా చేయించామో వివరంగా చెబుతాను.