నాలుగో డౌన్, ఐదు గజాలు: ఫ్రాంక్లిన్ మీద మా కోపం అక్కడే మొదలైంది

ప్రశ్న: అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టు (అమెరికన్ ఫుట్‌బాల్) కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ వందకు పైగా మ్యాచులు గెలిపించాడు కదా, మరి 2025లో సీజన్ మధ్యలోనే ఎందుకు తీసేశారు? పెద్ద మ్యాచ్ వస్తే టెన్షన్ తట్టుకోలేడని అభిమానులు అనేది నిజమేనా, లేక కోపంలో అనే మాటా?

నేను 2017 నుంచి 2019 దాకా పెన్ స్టేట్‌లో ఎం.ఎస్. చదివాను. ఇప్పుడు ఉద్యోగం ఒహాయోలో, కొలంబస్‌లో. అంటే మాకు అసలైన ప్రత్యర్థి అయిన ఒహాయో స్టేట్ వాళ్ల ఊళ్లోనే కాపురం. ఈ ప్రశ్న మీద ఎనిమిదేళ్లుగా వాదిస్తూనే ఉన్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నా జవాబు: నిజమే. కానీ ఓడిపోయాడని కాదు మా బాధ. ప్రతిసారీ ఒకేలా ఓడిపోయేవాడు. అది చెప్పాలంటే 2018 సెప్టెంబర్ 29 రాత్రి దగ్గర మొదలుపెట్టాలి.

తెనాలి నుంచి వచ్చిన నాకు అప్పటికి ఈ ఆట పరిచయమై ఏడాదే. నేర్పింది నా రూమ్మేట్, వరంగల్ కుర్రాడు. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, వాటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు కొత్తగా దొరుకుతాయి. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లది. బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, కాలితో తన్ని స్తంభాల మధ్య నుంచి పంపితే ఫీల్డ్ గోల్, దానికి పాయింట్లు తక్కువ. ఈ పోస్టులో చెప్పబోయేది అర్థం కావడానికి అది చాలు.

ఆ రాత్రి వైట్ అవుట్. స్టేడియంలో ఉన్న లక్షా పదివేల మంది తెల్లబట్టల్లో ఉంటారు. మా యూనివర్సిటీ ఉన్న స్టేట్ కాలేజ్ ఊరి జనాభాకి అది రెండింతల కంటే ఎక్కువ. ఒకవైపు స్టాండ్ "వీ ఆర్" అని అరిస్తే అవతలి స్టాండ్ "పెన్ స్టేట్" అని బదులిస్తుంది. ఆ అరుపుకి కాళ్ల కింద ఇనుప మెట్లు వణుకుతాయి. నాలుగో క్వార్టర్‌లో ఇంకా ఎనిమిది నిమిషాలు ఉండగా మేము 26-14తో ముందున్నాం. ఒహాయో స్టేట్ రెండు టచ్‌డౌన్లు చేసి 27-26కి వచ్చింది. అయినా బంతి మా దగ్గరే ఉంది, టైమ్ ఉంది, ఫీల్డ్ గోల్ కొట్టినా గెలుస్తాం.

నాలుగో డౌన్, ఐదు గజాలు కావాలి. మా క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు వేసి ఆట నడిపించే ఆటగాడు, ట్రేస్ మెక్‌సోర్లీ. ఆ రాత్రి అతను పాస్‌లతో 286, తనే పరుగెత్తి 175, మొత్తం 461 గజాలు తెచ్చాడు. మమ్మల్ని అక్కడిదాకా మోసుకొచ్చింది అతనే. ఆలోచించుకోవడానికి టైమ్‌అవుట్ కూడా దొరికింది. అంతా అయ్యాక బంతి మావాళ్లలోనే ఇంకొకడు, మైల్స్ సాండర్స్ చేతికి వెళ్లింది. అతను మధ్యలోకి పరుగెత్తబోయాడు, ఒహాయో స్టేట్ డిఫెన్స్‌లో ఛేజ్ యంగ్ అక్కడే పట్టుకున్నాడు. అయిపోయింది.

నా రూమ్మేట్ కూర్చోకుండానే, "ఏందిరా ఇది, బాల్ ఆయన చేతిలనే ఉంచాలె గదా" అన్నాడు. ఒక్కసారి అని ఆగలేదు. ఇంటికి నడిచినంతసేపూ అదే అన్నాడు. నాకు మాత్రం బయటికి దిగే ర్యాంపు గుర్తుండిపోయింది. అంతమంది జనం దిగుతున్నారు, ఒక్క మాట లేదు, బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చావు ఇంటి నుంచి వస్తున్నట్టు వచ్చాం.

ఆ రాత్రే ఫ్రాంక్లిన్ ప్రెస్ ముందు మాట్లాడాడు. మనం మంచి జట్టు నుంచి గొప్ప జట్టు అయ్యాం, కానీ ఇంకా ఎలీట్ జట్టు కాలేదు, ఆ చివరి మెట్టు కూడా ఎక్కుతాం అనే అర్థంలో ఆవేశంగా చెప్పాడు. నేను ఆ వీడియో రెండుసార్లు చూశాను. నిజంగా నమ్మాను. ఓడిన రాత్రి అలా నిలబడి మాట్లాడగలిగిన మనిషి ఏదో ఒక రోజు చేసి చూపిస్తాడనే అనుకున్నాను. తర్వాత ప్రతి ఏడూ ఆ "చివరి మెట్టు" అన్న మాట మాకు గుచ్చుకుంటూనే ఉంది.

ఇక్కడ ఆయనకి రావాల్సిన న్యాయం కూడా చెప్పాలి. 2014 జనవరిలో ఆయన వచ్చేనాటికి పెన్ స్టేట్ మీద 2012లో పడిన ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) ఆంక్షలు ఇంకా ఉన్నాయి. స్కాలర్‌షిప్పులు కోసేశారు, మంచి ఆటగాళ్లు రావడానికే భయపడే పరిస్థితి. అలాంటి జట్టుని మూడో ఏడాదికే మేము ఆడే లీగ్ బిగ్ టెన్‌లో ఛాంపియన్ చేశాడు. 2016లో ఒహాయో స్టేట్ కొట్టబోయిన ఫీల్డ్ గోల్‌ని మావాళ్లు అడ్డుకోవడం, ఆ బంతి పట్టుకుని గ్రాంట్ హేలీ టచ్‌డౌన్ దాకా పరుగెత్తడం, 24-21తో గెలవడం నేను రాకముందు జరిగాయి. కానీ క్యాంపస్‌లో ఆ కథ చెప్పని సీనియర్ లేడు. 2023 జనవరిలో, సీజన్ చివర జరిగే పేరున్న మ్యాచ్ రోజ్ బౌల్ గెలిచాడు. 2022 నుంచి 2024 వరకు మూడు సీజన్లలో 34 విజయాలు. పెన్ స్టేట్‌లో మొత్తం 104 గెలుపులు, 45 ఓటములు. బయటివాళ్లు ఈ లెక్క చూసి మమ్మల్ని ఆశపోతులు అంటారు. వాళ్లని తప్పుపట్టలేను.

మేము చూసిన లెక్క వేరు. దేశంలో మొదటి పది ర్యాంకుల్లో ఉన్న జట్లతో ఆయన ఆడినవి 25, గెలిచినవి నాలుగే. ఒహాయో స్టేట్‌తో పదకొండుసార్లు ఆడితే ఒక్కటే గెలుపు, అదే ఆ 2016ది.

ఒహాయో స్టేట్‌కి మనకంటే మంచి ఆటగాళ్లు ఉంటారు, ఎవరైనా ఓడతారు అనే వాదన ఉంది. కొలంబస్‌లో నా స్నేహితులే ఆ మాట అంటారు. చిత్తుగా ఓడి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. 2017లో 39-38, 2018లో 27-26. రెండేళ్లూ ఒక్కో పాయింటుతో. రెండుసార్లూ చాలాసేపు ముందున్నది మేమే. ఆఖరి పది నిమిషాల దాకా సరితూగిన జట్టుకి ఆ పది నిమిషాల్లోనే ఏదో అయ్యేది. 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాకి 30 బంతుల్లో 30 పరుగులు కావాల్సి వచ్చినప్పుడు వాళ్ల అభిమాని ఎలా ఉన్నాడో ఊహించుకోండి. మాకు అది ప్రతి శరదృతువులోనూ వచ్చే పండగలా తయారైంది, కాకపోతే ఏడ్పించే పండగ.

2024 నవంబర్ 2న ఒహాయో స్టేట్‌తో మ్యాచ్ మా ఇంట్లో చూశాం. మాది మూడో ర్యాంకు, వాళ్లది నాలుగో ర్యాంకు. నాలుగైదు తెలుగు కుటుంబాలు వచ్చాయి, నేను తప్ప అందరూ ఒహాయో స్టేట్ వైపే. స్కోరు 20-13, ఐదు నిమిషాలకు కాస్త పైగా ఉంది, బంతి వాళ్ల చివరి గీతకి మూడు గజాల దూరంలో మా చేతిలో ఉంది. నాలుగు ప్రయత్నాలు, మూడు గజాలు. మా జట్టులో టైలర్ వారెన్ ఉన్నాడు. ఆ ఏడాది దేశంలోకెల్లా ఉత్తమ టైట్ ఎండ్‌గా (పాస్‌లు అందుకుంటూ, అవతలివాళ్లని అడ్డుకునే స్థానం) మాకీ అవార్డు తీసుకున్న మనిషి. ఎత్తు ఉంది, బలం ఉంది, ఎవరు మీద పడినా బంతి వదలడు. మొదటి మూడుసార్లూ కేట్రాన్ ఆలెన్‌కి ఇచ్చి మధ్యలోకి తోశారు. నాలుగోసారి పాస్ వేశారు, అది కూడా వారెన్‌కి కాదు. కింద పడింది. ఆ తర్వాత ఒహాయో స్టేట్ బంతి మాకు ఇవ్వకుండా గడియారం మొత్తం కరిగించేసింది.

గది అంతా ఎగిరి గంతులేయాలి కదా. నా పక్కన కూర్చున్న స్నేహితుడు, ఎర్ర టీషర్ట్ వేసుకున్నవాడు, నా వైపు తిరిగి "అదేంటి బావా, వారెన్‌కి ఒక్కసారి కూడా వేయలేదేంటి?" అని అడిగాడు. అవతలి జట్టు అభిమానికి తోచింది మా వాళ్లకి తోచలేదు. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ప్లే, అంటే ప్రతి ప్రయత్నంలో వేసే ఎత్తు, ఎంచేది హెడ్ కోచ్ కాదు, ఆయన కింద దాడిని నడిపే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. డొనోవన్, మూర్‌హెడ్, రానీ, చిరోక్కా, యుర్సిచ్, కొటెల్నికి. ఫ్రాంక్లిన్ కింద పన్నెండు సీజన్లలో ఆరుగురు కోఆర్డినేటర్లు మారారు. 2023లో మిషిగన్‌తో ఓడిన మర్నాడే యుర్సిచ్‌ని పంపేశారు. మనుషులు మారుతున్నా ముగింపు మారలేదంటే లోపం ఆ కుర్చీలో లేదు, దాని పై కుర్చీలో ఉందని నేను అనుకుంటున్నాను.

అది పిరికితనం అని మాత్రం అనను. ఆయన బలమే అక్కడ బలహీనత అయిందనేది నా అవగాహన. ప్రతి వారం ఒకే పద్ధతి, ఒకే క్రమశిక్షణ, ఈ వారం మ్యాచ్ ఒక్కటే మన లోకం, మిగతావేవీ పట్టించుకోవద్దు అనేది ఆయన రోజూ చెప్పే పాఠం. మనకంటే తక్కువ జట్ల మీద అది అద్భుతంగా పనిచేస్తుంది. తప్పులు చేయకుండా ఉంటే చాలు, గెలుస్తాం. సమాన బలం ఉన్న జట్టు ఎదురైతే తప్పు చేయకపోవడం సరిపోదు. నలభై సెకన్ల లోపు ఎవరినో ఒకరిని నమ్మి బంతి అప్పగించాలి. అక్కడ ఆయన జట్టు మనిషిని కాక పుస్తకంలో రాసుకున్న ప్లేని నమ్మేది. మైదానంలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? కోచ్ బిగుసుకుపోతే అది వాళ్ల చేతుల్లోకి పాకుతుంది. బోర్డు పరీక్షల ముందు తండ్రి కంగారుపడితే పిల్లాడి చేయి వణికినట్టే.

2025 గురించి ఎక్కువ రాయలేను, ఇంకా నొప్పిగానే ఉంది. సీజన్ ముందు వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకింగ్స్‌లో మాది రెండో స్థానం. మా క్వార్టర్‌బ్యాక్ డ్రూ అల్లార్, బంతితో పరుగెత్తే సింగిల్టన్, ఆలెన్ ప్రొఫెషనల్ ఆటకి వెళ్లకుండా ఈ ఒక్క ఏడాది కోసమే ఆగారు. సెప్టెంబర్ చివర్లో వైట్ అవుట్ రాత్రి ఓరెగాన్‌తో రెండో ఓవర్‌టైమ్‌లో 30-24తో ఓడాం. వారం తిరగకుండా అప్పటిదాకా ఒక్క గెలుపూ లేని యూసీఎల్ఏ చేతిలో 42-37. ఆ తర్వాత అక్టోబర్ 11న సొంత మైదానంలో నార్త్‌వెస్టర్న్‌తో 22-21.

ఆ మూడోదానికి నేను స్టేడియంలో ఉన్నాను. కొలంబస్ నుంచి ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని నా భార్యని, పాపని తీసుకెళ్లాను. మా పాపకి అదే మొదటి మ్యాచ్. ఫ్రాంక్లిన్‌ని తీసేయాలని స్టాండ్స్‌లో అరుపులు మొదలయ్యాయి. నేనూ గొంతు కలిపాను, ఎనిమిదేళ్ల ఉక్రోషం అది. పాప నా చొక్కా పట్టుకుని, "నాన్నా, ఎవర్ని తిడుతున్నారు?" అంది. కోచ్‌ని అని చెప్పాను. "ఆయన మన టీమ్ కదా?" అంది. నేను మళ్లీ అరవలేదు. ఇంకాసేపటికి అల్లార్ గాయపడ్డాడు, అతని సీజన్ అక్కడితో ముగిసింది. వారాల తరబడి అతన్ని తిట్టినవాళ్లు కూడా నోరు మెదపలేదు. ఆ కుర్రాణ్ణి తిట్టడం మేము చేసిన అన్యాయం. కోచ్‌కి కోట్ల డాలర్ల జీతం ఉంది, జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఆ పిల్లవాడు మా కోసమే ఇంకో ఏడాది ఉండిపోయాడు.

మర్నాడు ఆదివారం ఫ్రాంక్లిన్‌ని తొలగించారు. ఒప్పందం ప్రకారం అప్పటికి ఆయనకి ఇవ్వాల్సి ఉన్నది దాదాపు ఐదు కోట్ల డాలర్లు, అయినా తొలగించారు. సరైన నిర్ణయమే అంటాను. ఆయన చెడ్డ కోచ్ అని కాదు. ఆయనకీ ఆ స్టేడియానికీ మధ్య నమ్మకం చచ్చిపోయింది. దగ్గరి మ్యాచ్ అనగానే లక్షమందీ ఓటమినే ఎదురుచూడటం మొదలుపెడితే ఏ జట్టూ ఆడలేదు. నవంబర్‌లోనే వర్జీనియా టెక్ ఆయన్ని తీసుకుంది. అక్కడ ఆయన బాగా చేస్తాడనే నా నమ్మకం.

చివరగా ఒక మ్యాచ్ చెప్పాలి, మీ ప్రశ్నకి అసలు జవాబు అందులో ఉంది. నవంబర్ 8న అదే స్టేడియంలో ఇండియానాతో ఆడాం. తాత్కాలిక కోచ్ టెర్రీ స్మిత్. ఇండియానా అప్పటికి ఓటమి ఎరగని జట్టు. 20-7తో వెనకబడి కూడా మావాళ్లు 24-20కి వచ్చారు. ఆఖరి రెండు నిమిషాల్లోపు ఇండియానా మైదానం మొత్తం దాటి వచ్చింది, ఒమర్ కూపర్ గీత చివర గాల్లో బంతి అందుకుని కాలి మునివేళ్లు లోపల ఆనించాడు. 27-24. మళ్లీ ఆఖరి నిమిషంలో, మళ్లీ సొంతగడ్డ మీద ఓటమే.

నాకు కోపం రాలేదు. నాకే ఆశ్చర్యంగా ఉండి సోఫాలోనే కూర్చున్నాను. ఇంతలో ఫోన్ మోగింది. ఇప్పుడు డాలస్‌లో ఉంటున్న నా వరంగల్ రూమ్మేట్. ఏడేళ్ల కిందటి ఆ నాలుగో డౌన్ గురించి ఇప్పటికీ మాట్లాడుకునే మనిషి.

"చూసినవా?" అన్నాడు. చూశానన్నాను.

"ఈసారి మనోళ్లు ఆడి ఓడిన్రురా," అన్నాడు.