మా ఇంటిల్లిపాదికీ సరిపోయే థెరపిస్ట్ ఎక్కడ దొరుకుతారు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నేను, మావారు, అత్తయ్యగారు, ఇంటర్ సెకండియర్ చదివే బాబు. ఆర్నెల్లుగా వాడు గదిలోంచి బయటికి రావడం లేదు, వస్తే గొడవే. నా పెంపకం బాగాలేదని అత్తయ్యగారు, గారాబం చేసి చెడగొట్టింది ఆవిడేనని నేను. గొడవ మొదలవగానే మావారు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోతారు. తెలిసినవాళ్ళు చెప్పారని ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే, ఆయన గంటసేపు బాబుకి క్లాసు పీకి, నన్ను ‘కొంచెం సర్దుకుపోవాలమ్మా’ అని పంపించేశారు. బాబు ఇక రానంటున్నాడు. ఇప్పుడు ఎవరిని వెతకాలి, ఎలా వెతకాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: బాబు రానన్నాడంటే నాకేం ఆశ్చర్యంగా లేదు, నేనైనా వెళ్ళను. మీకు కావాల్సింది ఫ్యామిలీ థెరపీ, అంటే ఇంటివాళ్ళందరినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడించడం. అందులో దోషి ఎవరని వెతకరు. మీరు తిడితే వాడు తలుపేసుకుంటాడు, నాన్నమ్మ కంచం లోపలికి పట్టుకెళ్తుంది, అది చూసి మీకు మండుతుంది, మీవారు బాల్కనీలోకి, ఆ కోపం మళ్ళీ వాడిమీదికే. ఈ చక్రాన్ని చూడగలిగేవాళ్ళు కావాలి మీకు.

అయితే ముందు ఒక మాట. బాబుకి నిద్ర, తిండి బాగా తగ్గినా, చచ్చిపోతానన్న మాటలు వినిపించినా థెరపిస్ట్ వెతుకులాట పక్కనపెట్టి వెంటనే సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ఎర్రగడ్డ అనగానే మనవాళ్ళకి జోకులు గుర్తొస్తాయి గానీ అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, మీకు మెట్రోలో దగ్గరే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక బోర్డుల సంగతి. సైకియాట్రిస్ట్ అంటే డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడం తప్పేం కాదు. ఫ్యామిలీ థెరపిస్ట్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం మన దగ్గర విడిగా లైసెన్సు అంటూ లేదు. అందుకే ‘కుటుంబాలతో పనిచేయడం ఎక్కడ నేర్చుకున్నారు, అందరినీ కలిపి కూర్చోబెడతారా, బాబు విడిగా చెప్పింది మాకు చెప్తారా’ అని ఫోన్లోనే అడిగేయండి. మూడోదానికి ‘అన్నీ మీకు చెప్పేస్తాం’ అన్నారంటే వాడు నోరు విప్పడు. ప్రాణం మీదికొచ్చే విషయమైతే తప్ప గుట్టు దాచేవాళ్ళే కావాలి. ఫీజు, రాలేకపోతే డబ్బు పోతుందా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

భాష విషయం చాలామంది పట్టించుకోరు. థెరపిస్ట్ సగం ఇంగ్లీషులో మాట్లాడితే బాబుకి బాగానే ఉంటుంది, అత్తయ్యగారు మాత్రం ప్రేక్షకురాలైపోతారు. ఆవిడకి మీరు తర్జుమా చేసి చెప్పాల్సి వస్తే (మీకు అనుకూలంగానే చెప్తారు, ఒప్పుకోండి) ఇక ఆ సెషన్ వల్ల లాభం లేదు. దూరం కూడా అంతే, సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ ట్రాఫిక్ దాటుకుని నలుగురూ ఒకే కారులో వెళ్తే, అక్కడ చెప్పుకోవాల్సిన గొడవ దారిలోనే అయిపోతుంది. శనివారమో, ఆన్‌లైనో చూసుకోండి. చుట్టాలకి తెలిసినవాళ్ళు వద్దు.

ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటుంటే మాత్రం కలిసి కూర్చోవడం సరికాదు, ఆ విషయం థెరపిస్ట్‌కి ముందే విడిగా చెప్పాలి.

మూడు నాలుగు సెషన్లు చూడండి. మాట్లాడని మనిషిని కూడా మాట్లాడించారా, ఇంటికొచ్చాక ప్రయత్నించడానికి ఏదైనా చేతిలో పెట్టారా? లేకపోతే ఆ మాట వాళ్ళతోనే అనండి, అయినా మారకపోతే వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మొహమాటం అక్కర్లేదు. బాబుతో ‘నీకోసం’ అనకండి, ‘మా ముగ్గురికీ చేతకావడం లేదు, నువ్వూ రా’ అనండి.

మొదటి ఫోన్ మీరు చేయొద్దు. మీరు చేస్తే కోడలు తన తరఫున లాయర్ని తెచ్చుకుందని అత్తయ్యగారు అనుకుంటారు. మీవారిని చేయమనండి, ఎలాగూ ఫోన్ చేతిలోనే ఉంటుందిగా, బాల్కనీలోంచైనా ఫర్వాలేదు.