ముందు తడి చెత్త సంగతి చూడు

చిట్టితల్లీ,

"ఇంట్లో చెత్త తగ్గించాలని ఉంది పెద్దమ్మా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?" అని మొన్న ఫోన్లో అడిగావు. మాటల్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందే చెబుతున్నా, వెదురు బ్రష్షులూ స్టీలు స్ట్రాలూ ఏవీ కొనకు. ఉన్నవి పారేసి కొత్తవి కొంటే చెత్త పెరుగుతుంది. ఒక్క వారం నీ చెత్తబుట్టను గమనించు. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, కొత్తిమీర వేళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. వాటిని కవర్లో మూటగట్టి ఇచ్చేస్తే హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ చెత్తగుట్టకు చేరి, గాలాడక కుళ్ళి మీథేన్ వదులుతాయి. వాటితో కలిసిన అట్టముక్కలూ, పాలకవర్లూ కూడా దేనికీ పనికిరాకుండా పోతాయి. తడి, పొడి, హానికరం అని మూడుగా విడదీసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. బల్బులు, బ్యాటరీలు, గడువు దాటిన మందులు ఆ మూడోదాంట్లోకి వస్తాయి.

తొక్కలన్నీ పారేసేవి కావు, అది గుర్తుపెట్టుకో. లేత బీరకాయ చెక్కు నువ్వులతో వేయించి పచ్చడి చెయ్యి. ఆనపకాయ చెక్కూ అంతే. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకు పొయ్యి.

ఇక మిగిలిన తొక్కల్ని ఎరువుగా మార్చడానికి బాల్కనీలో ఒక కుండ చాలు. పాత పెయింటు డబ్బా అయినా సరే, చుట్టూ, అడుగునా చిల్లులు పెట్టించు. అడుగున కొబ్బరిపీచు పరిచి, గుప్పెడు పాత మట్టి చల్లు. గుప్పెడు తొక్కలు వేసినప్పుడల్లా రెండు గుప్పెళ్ళ ఎండాకులు వెయ్యి. వారానికోసారి కాస్త పుల్లమజ్జిగ చిలకరించు. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో కిందామీదా కలుపు. నూనె కూరలు, మాంసం, ఊరగాయలు అందులో వెయ్యకు.

నేను మొదటిసారి ఎండాకులు లేకుండా తొక్కలే కుక్కేశాను. పది రోజులకు మూత తీస్తే కడుపులో తిప్పింది, అడుగున నల్లటి నీళ్ళు నిలిచాయి. అంతా పారబోసి మళ్ళీ మొదలుపెట్టాను. వాసనొస్తే తడి ఎక్కువైందన్నమాట, ఎండాకులు వేసి కలుపు. చీమలు పడితే ఎండిపోయిందన్నమాట, నీళ్ళు చిలకరించు. తెల్లటి పురుగులు కనబడతాయి, భయపడకు. నీ పని అవే చేసిపెడుతున్నాయి. రెండు నెలలు దాటాక పిడికిట్లోకి తీసుకుని చూడు, పొడిపొడిగా, తొలకరి పడ్డ నేల వాసనొస్తుంది. తొక్క ఆనవాలు ఉండదు.

తడి చెత్త పోతే బుట్టలో కవరు వెయ్యక్కర్లేదు. మిగిలిన పొడి చెత్త వారానికోసారి ఇచ్చినా వాసన రాదు. పాలకవరు కత్తిరించేటప్పుడు మాత్రం మూల తెగి కిందపడకుండా చూడు, ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరరు. కవరు కడిగి ఆరబెట్టి దాచు, పాతసామాన్ల అతను తీసుకుంటాడు.

బజారుకు వెళ్ళే సంచి తలుపు గడియకే తగిలించు. బీరువాలో ఉన్న సంచి బజారుకు రాదు.

మీ ఆయన్ని కూడా కుండ కలపమను, అదంతా నీ ఒక్కదాని పని కాదు. ఎండాకులు మీ అపార్టుమెంటులో ఊడ్చే ఆవిడను అడుగు, తగలబెట్టకుండా నీకిస్తుంది. దొరక్కపోతే చెప్పు, వచ్చే నెల వచ్చేటప్పుడు మన పెరటి మామిడాకులు ఒక గోనెడు తెస్తాను.

మీ పెద్దమ్మ