టీకా వేసుకున్నాక పాజిటివ్ వస్తే, కాబోయే భర్తకు చెప్పాలా?

చెల్లెమ్మా, 27 ఏళ్లకే హెచ్‌పీవీ (లైంగికంగా సోకే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణం కాగల వైరస్) టీకా మూడు డోసులూ వేసుకున్నా ఇప్పుడు 31లో హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిందని, పెళ్లి కుదిరిన అబ్బాయికి చెప్పాలా వద్దా అని అడిగారు. ముందు టెన్షన్ తగ్గించుకోండి. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు.

టీకా కొత్తగా వచ్చే ఇన్ఫెక్షన్‌ను ఆపుతుంది గానీ, అప్పటికే ఒంట్లో ఉన్నదాన్ని తీసేయదు. ఈ వైరస్‌లో అన్ని రకాలకూ పనిచేయదు కూడా. సెర్వావ్యాక్ అనే టీకా 6, 11, 16, 18 రకాలకు, గార్డాసిల్ 9 అనే టీకా తొమ్మిది రకాలకు పనిచేస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం కాబట్టి, రిపోర్టులో ఏ రకమని రాశారో చూడండి. ఆ రెండిట్లో ఒకటైతే కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) చేయించుకోమంటారు. వేరే రకమైతే సాధారణంగా పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్ష) చూసి నిర్ణయిస్తారు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే వైరస్‌ను అణిచేస్తుంది.

ఇక చెప్పడం. నేనైతే చెప్పమంటాను, అయితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఈ వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా తేల్చలేదు. మగవాళ్లకు మామూలుగా చేసే పరీక్ష కూడా లేదు. “నాకు పరీక్షలో హెచ్‌పీవీ వచ్చింది, చాలామందికి వచ్చేదే, డాక్టరు గారి దగ్గర చూపించుకుంటున్నాను” అంటే చాలు. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. ఆ సంగతి కూడా దాచకండి. వీలైతే తర్వాతిసారి గైనకాలజిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి, కాబోయే భర్త టీకా వేసుకోవడం గురించి కూడా అక్కడే అడగొచ్చు.