తాడు లాగకుండానే పారాచూట్ విచ్చుకునేదెలా?

ప్రశ్న: సైనికులు విమానం నుంచి వరసగా దూకేటప్పుడు ఎవరూ చేత్తో ఏమీ లాగరు. అయినా అందరి పారాచూట్లూ విచ్చుకుంటాయి. లోపల టైమర్ లాంటిదేమైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఉండదు. అక్కడ లాగేది విమానమే. సైనికుడి వీపు మీది ప్యాక్ నుంచి స్టాటిక్ లైన్ అనే గట్టి నైలాన్ పట్టీ బయటికి వస్తుంది. అమెరికా సైన్యం వాడిన టి-10 పారాచూట్‌లో దాని పొడవు 15 అడుగులు. దాని కొసనున్న కొక్కేన్ని విమానంలో తలపైన కట్టిన ఇనుప కేబుల్‌కి తగిలించి, జారిపోకుండా సేఫ్టీ పిన్ గుచ్చుతారు.

మనిషి దూకగానే పట్టీ బిగుసుకుని ప్యాక్‌ని విప్పుతుంది, లోపలి సంచిని పైకి లాగేస్తుంది. ముందుగా తాళ్లు మడత మడతగా జారతాయి. తర్వాత పారాచూట్ గుడ్డ అంచు, చివరికి దాని నడినెత్తి అయిన శిఖరం బయటపడతాయి. శిఖరాన్ని సంచికి కట్టిన సన్నని కట్టు ఆ బరువుకి తెగిపోతుంది. సంచీ, పట్టీ విమానానికే వేలాడుతుంటాయి. గాలి నిండి గొడుగు విచ్చుకుంటుంది. టి-10తో దూకిన మనిషి 'ఒక వెయ్యి, రెండు వేలు' అంటూ ఒక్కో సెకనుకి ఒక్కో వెయ్యి చొప్పున 'నాలుగు వేలు' దాకా, అంటే సుమారు నాలుగు సెకన్లు లెక్కపెడతాడు. అప్పటికీ భుజాలకి కుదుపు తగలకపోతే వెంటనే ఛాతీ మీది రిజర్వ్ (అత్యవసరానికి ఉంచిన రెండో) పారాచూట్ హ్యాండిల్ లాగాలి.

తరచుగా వచ్చే చిక్కు తాళ్లు మెలిపడటం. తలుపు దగ్గర గట్టిగా దూకకుండా జారితే ఒళ్లు తిరిగిపోయి ఇలా జరుగుతుంది. భుజాల మీది పట్టీలను రెండు చేతులతో విడదీసి పట్టుకుని, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడిస్తే మెలిక విడుతుంది. అంతకంటే ప్రమాదం గుడ్డ అంచు తాళ్ల మధ్యలోంచి దూరి తిరగబడటం. దీన్ని ఆపడానికే టి-10 అంచు చుట్టూ 18 అంగుళాల వల కుట్టారు. స్టాటిక్ లైన్ చంక కింద నుంచి పోతే బిగుసుకునే క్షణంలో చెయ్యి నలిగిపోతుంది, అందుకే దూకేముందు ప్రతి ఒక్కరి పట్టీ ఎటు పోతోందో దూకించే బాధ్యత చూసే జంప్‌మాస్టర్ పరీక్షిస్తాడు. ఈ తనిఖీకి మించిన రక్షణ లేదని మా అభిప్రాయం.

ప్రశ్న: సరదాగా స్కైడైవింగ్ చేసేవాళ్లు గాల్లో స్పృహ తప్పితే?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రిజర్వ్ ప్యాక్‌లో చిన్న ఎలక్ట్రానిక్ పరికరం పెట్టుకుంటారు. జర్మనీలో 1991లో వచ్చిన సైప్రెస్ ఇందులో బాగా పేరున్నది. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు, పడే వేగం లెక్కగడుతుంది. అనుభవజ్ఞుల రకం దాదాపు 225 మీటర్ల ఎత్తులో కూడా సెకనుకు 35 మీటర్లకు మించిన వేగం కనబడితే, రిజర్వ్‌ని మూసి ఉంచిన దారపు ఉచ్చుని చిన్న బ్లేడుతో కోసేస్తుంది. స్ప్రింగ్ ఉన్న బుల్లి పారాచూట్ ఎగిరి రిజర్వ్‌ని లాగుతుంది. మెయిన్ పారాచూట్ జోలికి అది పోదు. కొత్తవాళ్ల రకం 13 మీటర్ల వేగానికే పనిచేస్తుంది. కాబట్టి నేలకి దగ్గరగా పదునైన మలుపులు తిప్పితే బాగా తెరుచుకున్న గొడుగు కిందే రిజర్వ్ కూడా విచ్చుకోవచ్చు.

అందరూ పొరబడేది సున్నా దగ్గరే. పరికరాన్ని ఆన్ చేసిన నేలే దానికి సున్నా. ఎక్కిన చోటుకంటే దిగేచోటు 100 మీటర్లు ఎత్తుగా ఉండి, ఆ తేడాని అందులో పెట్టకపోతే, నేలకి 125 మీటర్ల ఎత్తుకొచ్చాకే అది కోస్తుంది. సెకనుకు 50 మీటర్ల వేగంతో పడే మనిషికి అది రెండున్నర సెకన్లు. ఆన్‌లో ఉన్న పరికరాన్ని కారులో వేరే ఊరికి తీసుకెళ్తే, ఆపి అక్కడ మళ్లీ ఆన్ చేయాలి.