ఆయన కార్డు బాకీకి మీ పేరున రుణం వద్దు

ప్రశ్న: భీమవరంలో ఓ ప్రైవేటు కళాశాలలో పనిచేస్తున్నాను. జీతం రూ.36,000. రెండేళ్లుగా ఇష్టపడుతున్న వ్యక్తిని ఏడాదిలో పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను. ఆయన రొయ్యల మేత అమ్మే ఉద్యోగంలో ఉన్నారు. జీతం రూ.48,000. కారు వాయిదా రూ.13,500. తండ్రి చెరువు దెబ్బతిన్నప్పుడు తెచ్చిన వ్యక్తిగత రుణానికి మరో రూ.10,900. క్రెడిట్ కార్డు బాకీ రూ.1,60,000 ఉంటే, నెలనెలా కనీస మొత్తం రూ.8,000 కడుతున్నారు. సెలవు రోజుల్లో దిండి, పేరుపాలెం తీసుకెళతారు, నన్ను రూపాయి తీయనివ్వరు. ఇప్పుడు కార్డు బాకీ తీర్చడానికి నా పేరున రుణం తీసుకోమంటున్నారు. కాదంటే నమ్మకం లేనట్టా? అప్పులు చూసి ఆలోచనలో పడటం తప్పా?

జవాబు: తప్పు కాదు. మన డెల్టాలో పెద్దలు సంబంధం మాట్లాడేటప్పుడు వరిచేను ఎంత, కొబ్బరితోట ఎంత అని అడగడానికి మొహమాటపడరు. తమంతట తాము ఒకరినొకరు ఎంచుకున్నవారు మాత్రం అప్పు ఎంత అని అడిగితే డబ్బు మనిషి అనుకుంటారేమోనని వెనకాడుతున్నారు. రేపు ఆ వాయిదాలు మీ ఇద్దరి సంసారంలోంచే వెళ్లాలి కాబట్టి అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

అయితే ఆయన అప్పులన్నిటినీ ఒకే గాటన కట్టకండి. వైరస్ సోకి, రొయ్య ఎదగకముందే పట్టేసి అమ్మేయాల్సి వచ్చిన ఇంట్లో మేత బాకీ, లీజు డబ్బు ఒక్కసారిగా మీద పడతాయి. అలాంటప్పుడు కొడుకు తన జీతం మీద రుణం తెచ్చి తండ్రిని నిలబెట్టడాన్ని నేను బాధ్యతగానే చూస్తాను. వచ్చే పంట పెట్టుబడికీ ఆయన జీతమే ఆధారమా అన్నది మాత్రం ఇప్పుడే తెలుసుకోండి.

నన్ను కలవరపెడుతున్నది కార్డు. ఆ స్టేట్‌మెంటును ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే, రూ.1,60,000 మీద వడ్డీ రూ.5,600, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.1,008. ఆయన కష్టపడి కట్టే ఎనిమిది వేలలో అసలుకు చేరేది రూ.1,400 కూడా కాదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డు మీద కొత్తగా కొన్నదానికి కూడా సాధారణంగా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. మీ దిండి ప్రయాణాలు కూడా ఆ బాకీలో ఉండవచ్చు. ప్రేమతో పెట్టిన ఖర్చు గురించి ఇలా రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ జీతంలో మూడింట రెండు వంతులు వాయిదాలకే పోతున్న మనిషి మిమ్మల్ని రూపాయి తీయనివ్వకపోవడం ఆయనకే భారం.

మీ పేరున రుణం మాత్రం వద్దు. పెళ్లి జరిగినా జరగకపోయినా దాన్ని తీర్చవలసింది మీరే, వాయిదా తప్పితే దెబ్బతినేది అప్పులిచ్చేవారు చూసే మీ సిబిల్ స్కోరే. హామీదారుగా సంతకం చేయడం కూడా చిన్న విషయం కాదు. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప హామీదారు బాధ్యత రుణం తీసుకున్నవారి బాధ్యతతో సమానమని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ చెబుతోంది.

దానికి బదులు, బాకీ మొత్తాన్ని వాయిదాలుగా మార్చమని కార్డు ఇచ్చిన బ్యాంకునే ఆయన అడగాలి. ఏడాదికి 18 శాతం వడ్డీకి 24 నెలలు ఇస్తే వాయిదా దాదాపు రూ.8,000 అవుతుంది, వడ్డీపై జీఎస్టీ, రుసుము అదనం. అంటే ఇప్పుడు కడుతున్న డబ్బుకు కాస్త కలిపితే రెండేళ్లలో బాకీ తీరిపోతుంది. కారు అమ్మితే రుణం తీరి ఏమైనా మిగులుతుందేమో కూడా లెక్క వేయమనండి. ఉద్యోగానికి చెరువుల వెంట తిరగాలంటే బైకు చాలు.

ఎవరి పేరున ఏ అప్పులున్నాయో, ఎలా కడుతున్నారో చూపే క్రెడిట్ రిపోర్టు ఏటా ఒకసారి ఉచితంగా వస్తుంది, దాన్ని ఇద్దరూ తెప్పించుకుని ఒకరిది ఒకరు చూడండి. మీది ముందుగా ఆయన చేతికివ్వండి, అప్పుడు అది నిలదీసినట్టు ఉండదు. ముహూర్తం మాట ఎత్తే ముందు ఆరు నెలలు ఆగండి. కార్డు వాడకుండా వాయిదాలు సరిగా కడితే అప్పటికి బాకీ రూ.1,25,000 దగ్గరకు రావాలి. ఆ నెల స్టేట్‌మెంటును మళ్లీ ఇద్దరూ కలిసి చూడండి.