పక్క రొయ్యల గుంటకి వైట్ స్పాట్ వచ్చింది, మా గుంటని కాపాడుకునేదెట్లా?

అన్నా, పక్క గుంటలో వైట్ స్పాట్ (తెల్ల మచ్చల జబ్బు) పడింది, మీది నెల దాటిన వనామీ రకం రొయ్య, మందేమన్నా ఉందా అని అడిగారు. లేదు. అది వైరస్. యాంటీబయాటిక్ డబ్బాతో ఎవరు గట్టు మీదికొచ్చినా వెనక్కి పంపించండి. దాంతో వైరస్ చావదు సరికదా, రేపు సరుకులో దాని ఆనవాళ్లు దొరికితే ఎగుమతికి పనికిరాదు.

మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు. కండలేరు క్రీక్‌లోంచి (ఉప్పునీటి పాయ) నీళ్లు తోడుకుంటాం, మళ్లీ అందులోకే వదులుతాం. 1994లో ఈ వైపు టైగర్ రొయ్య దెబ్బతిన్నప్పుడు జబ్బు గుంట నుంచి గుంటకి పాకడానికి ఈ పద్ధతి బాగా తోడైంది. కాబట్టి ముందు మోటారు ఆపండి. నీళ్లు తప్పదంటే రిజర్వాయర్ గుంటలో బ్లీచింగ్ పట్టించి వాడండి. ఎకరా గుంట, మీటరు లోతుకి 60 పీపీఎం (పది లక్షల పాళ్ల నీటికి 60 పాళ్లు) అంటే సుమారు 240 కిలోల బ్లీచింగ్ పౌడర్. సాయంత్రం చల్లండి, ఎండలో క్లోరిన్ త్వరగా ఎగిరిపోతుంది. తర్వాత కొన్ని రోజులు ఆగి, క్లోరిన్ మిగల్లేదని కిట్‌తో చూసుకున్నాకే గుంటలోకి తోడండి. రొయ్యలున్న గుంటలో మాత్రం ఆ మోతాదు వేయకండి, రొయ్యలే చస్తాయి.

నీళ్లు కట్టేసినా పీతలు ఆగవు. రాత్రిళ్లు గట్టు దాటుతుంటాయి, వైరస్‌ని మోస్తాయి, అవి మాత్రం చాలావరకు చావవు. గట్టు చుట్టూ వల కట్టి, అడుగు అంచు మట్టిలో పూడ్చండి. కాకులు చచ్చిన రొయ్యని ముక్కున కరుచుకొచ్చి మన గుంటలో జారవిడుస్తాయి, పైన తాళ్లు లాగండి. మా గట్టు మీద ఎక్కువ గొడవలయ్యేది విసురు వల దగ్గరే. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసే కుర్రాడు నాలుగు గుంటలు తిరిగి అదే తడి వలతో మన దగ్గరికొస్తాడు. నేనైతే మా వలే చేతికిస్తాను, మొహం మాడ్చుకున్నా సరే.

మేత ఉన్నట్టుండి తగ్గినా, రొయ్యలు నీరసంగా గట్టు వారకి చేరినా తలచిప్ప ఊడదీసి ఎండకి పట్టి చూడండి. తెల్ల చుక్కలు కనిపిస్తే దాదాపు అదే. వనామీలో ఒక్కోసారి చుక్కలు కనిపించవు, అందుకని ల్యాబ్‌లో పీసీఆర్ (వైరస్ ఉందో లేదో తేల్చే పరీక్ష) చేయించండి. మనుషులకి అంటదు, ఇంట్లోవాళ్లు ఊరికే కంగారు పడతారు.

అసలు ప్రమాదం పక్కాయన తూములో ఉంది. పోయిన పంటలో మా పైన ఒకాయన జబ్బు నీళ్లు రాత్రికి రాత్రే వదిలేశాడు, కింద గుంటలన్నీ వరసగా పోయాయి. నష్టపోయిన మనిషికి బ్లీచింగ్ కొనే మనసుంటుందా? అందుకని ఇప్పుడు మా కాలువ రైతులందరం తలా కొంత వేసుకుని ఆ బస్తాలు మేమే కొనిస్తున్నాం. ఆ నీళ్లు బ్లీచింగ్ పట్టించి వారమైనా నిలవుంచాకే తూము తీయాలి. మీ పక్కాయన ఇంకా తీసుండకపోతే, ఈ పూటే వెళ్లి మాట్లాడండి.